ఉరితాడు పసివాళ్లను కాపాడుతుందా? చేవెళ్ల, మొయినాబాద్ చుట్టూ తెలుసుకోవాల్సిన విశేషాలు

పసిపిల్ల మీద అఘాయిత్యం జరిగిందని పేపర్లో వచ్చిన రోజున చేవెళ్ల బస్టాండులోనైనా, మొయినాబాద్‌లో టీ కొట్టు దగ్గరైనా వినిపించే మాట ఒక్కటే: "అసుంటోణ్ని ఉరి తియ్యాలె." ఆ కోపంలో తప్పు పట్టడానికేమీ లేదు. పిల్లల్ని కన్న ఎవరి నోటైనా అదే మాట వస్తుంది. అయితే ఉరి గురించి చట్టం ఏం చెబుతోంది, మన చుట్టుపక్కల కేసుల్లో ఏం జరిగింది, ఉరి పడ్డాక ఏమవుతోంది అన్నవి మాత్రం చాలామందికి తెలియవు. తెలిస్తే ఆ కోపాన్ని ఎటు తిప్పాలో కూడా తెలుస్తుంది.

ఉరి చట్టం ఎప్పుడో వచ్చేసింది

"ఇలాంటి నేరానికి ఉరిశిక్ష పెట్టాలి" అని ఇప్పటికీ డిమాండ్లు వస్తుంటాయి. అది పెట్టి ఏళ్లు గడిచాయి. 2018 జనవరిలో జమ్మూలోని కఠువాలో ఒక చిన్నారిపై జరిగిన ఘోరం దేశాన్ని కుదిపేసింది. ఆ ఏప్రిల్ 21న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆగస్టులో అది చట్టమైంది. 12 ఏళ్లలోపు బాలికపై అత్యాచారానికి తక్కువలో తక్కువ 20 ఏళ్ల జైలు, ఎక్కువలో ఎక్కువ ఉరి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 65వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. 70వ సెక్షన్ మరో మెట్టు పైకి వెళ్లింది. 18 ఏళ్లలోపు ఏ బాలికపై సామూహిక అత్యాచారం జరిగినా దోషులకు బతికినంతకాలం జైలు, లేదా ఉరి.

మగపిల్లల వంతు ఏడాది తర్వాత

2018 చట్టం బాలికల గురించే మాట్లాడింది. మగపిల్లల్ని చెరిచినవాడికి అదే శిక్ష పడాలంటే 2019 దాకా ఆగాల్సి వచ్చింది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టానికి చేసిన సవరణ ఆ ఏడాది ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆడ, మగ తేడా లేకుండా తీవ్రమైన లైంగిక దాడికి 20 ఏళ్ల నుంచి ఉరి దాకా శిక్ష వేయొచ్చని చెప్పింది.

ఈ ఆలస్యం వెనక ఒక గుడ్డి నమ్మకం ఉంది. మగపిల్లాడికేమవుతుందిలే అనుకుంటాం. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని పటాపంచలు చేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని సగానికి పైగా పిల్లలు, 53 శాతం, చెప్పారు. వాళ్లలో మగపిల్లలే కాస్త ఎక్కువ. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ వేధింపులు ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో ఒకటి.

కూతవేటు దూరంలో రెండు తీర్పులు

మొయినాబాద్ నుంచి హైదరాబాద్ నగరం వైపు వెళ్తే నార్సింగి. 2017 డిసెంబరులో అక్కడ వలస కూలీల బిడ్డను ఎత్తుకెళ్లి, చెరిచి, చంపేశారు. చేసినవాడూ బతుకుదెరువుకు వచ్చిన కూలీయే. రంగారెడ్డి జిల్లా కోర్టు 2021 ఫిబ్రవరిలో అతనికి ఉరిశిక్ష వేసింది. నేరానికీ తీర్పుకూ మధ్య మూడేళ్లకు పైనే గడిచింది.

చేవెళ్లకు పైన శంకర్‌పల్లి, దాని పక్కన సంగారెడ్డి జిల్లా భానూరు. 2023 అక్టోబరులో అక్కడ అయిదేళ్ల పాపకు ఇదే గతి పట్టింది. సంగారెడ్డి పోక్సో కోర్టు 2024 సెప్టెంబరులో, ఏడాది తిరక్కముందే, ఉరి తీర్పు ఇచ్చింది.

రెండు కేసుల్లోనూ బిడ్డలు కూలీల బిడ్డలు. అలాంటి ఇళ్లలో పెద్దలు పనికి వెళ్తే పిల్లల్ని చూసుకునే మనిషి దొరకడం కష్టం. తీర్పు వచ్చిన రోజున పతాక శీర్షికలు వచ్చాయి. పని జరిగే చోట పిల్లలకు ఒక అంగన్‌వాడీయో, ఒక ఆయాయో ఉండాలన్న మాట మాత్రం ఆ శీర్షికల్లో కనిపించలేదు.

హన్మకొండ: 51 రోజులు

తెలంగాణలో అందరికీ గుర్తున్న కేసు ఇది. 2019 జూన్ 18 రాత్రి హన్మకొండలో డాబా మీద అమ్మానాన్నల పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పసికందును ఒకడు ఎత్తుకెళ్లాడు. బిడ్డ ప్రాణం దక్కలేదు. పోలీసులు వారాల్లో దర్యాప్తు ముగించారు. వరంగల్ కోర్టు ఆగస్టు 8న ఉరిశిక్ష విధించింది. అంత వేగంగా తీర్పు రావడం అప్పట్లో పెద్ద సంచలనం.

ఆ తర్వాతి భాగం తక్కువమందికి తెలుసు. అదే ఏడాది నవంబరు 12న హైకోర్టు ఆ ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఆఖరి శ్వాస దాకా జైల్లోనే, మధ్యలో విడుదల ఉండదని స్పష్టంగా చెప్పింది. నేరం రుజువైందన్న మాటలో మార్పు లేదు. దోషి బయటికి రాడు. ఇక ఏ బిడ్డనూ ముట్టుకోలేడు. ఉరి లేకుండానే సమాజానికి కావాల్సిన రక్షణ దొరికిన తీర్పు అది.

నల్గొండ: పన్నెండేళ్లు

హన్మకొండ పక్కన నల్గొండను పెట్టి చూడండి. 2013లో అక్కడ ఒక బాలికను చెరిచి చంపిన కేసులో ఉరి తీర్పు 2025 ఆగస్టులో వచ్చింది. నేరం నాడు పుట్టిన బిడ్డ ఉంటే తీర్పు నాటికి ఏడో తరగతికి వచ్చి ఉంటుంది. కింది కోర్టు వేసిన శిక్ష రెండు చోట్లా ఒకటే. కన్నవాళ్లు కాచుకున్న కాలంలో తేడా చూడండి: ఒక చోట ఏడు వారాలు, ఇంకో చోట పుష్కరం.

13 రోజుల్లో ఉరి, 11 ఏళ్లకు నిర్దోషి

వేగం బాగుందంటే బాగుంది. కానీ తొందరలో ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా చెబుతుంది. 2013 జనవరి 30న అక్కడ తొమ్మిదేళ్ల పాప కనిపించకుండా పోయింది, తర్వాత శవమై దొరికింది. ఒక యువకుణ్ని పట్టుకున్నారు. కోర్టులో విచారణ 13 రోజుల్లో ముగిసి మార్చిలో ఉరి పడింది. హైకోర్టు కూడా సరేనంది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్లీ విచారించమంది. ఉరి పడే కేసుల్లో పేద ముద్దాయి తరఫున వాదించడానికి కనీసం పదేళ్ల అనుభవమున్న లాయర్ ఉండాలని, కేసు చదువుకోవడానికి ఆయనకు కనీసం వారం రోజులు ఇవ్వాలని అప్పుడే ఆదేశించింది. 2024 మార్చిలో అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. అప్పటికి జైల్లో 11 ఏళ్లు గడిచాయి.

ఇక్కడ నష్టపోయింది అతనొక్కడే కాదు. ఆ పాపను చంపిందెవరో తేల్చాల్సిన రోజుల్లో తేల్చలేదు. చేసినవాడు ఇన్నేళ్లూ ఎక్కడున్నాడో, ఏ పిల్లల మధ్య తిరిగాడో తలచుకుంటేనే కడుపులో దేవినట్టవుతుంది.

మన విజయవాడ పక్కనే అలాంటిది

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో 17 ఏళ్ల ఫార్మసీ విద్యార్థినిని చెరిచి చంపేశారు. చట్టం లెక్కలో ఆమె కూడా బిడ్డే. ఒక పేద యువకుణ్ని అరెస్టు చేశారు, 2010లో యావజ్జీవం పడింది. ఆ అమ్మాయి కన్నతల్లే "ఇతను కాదు" అని మొదట్నుంచీ చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది.

అప్పట్లో అతనికి ఉరి పడి, అది అమలై ఉంటే హైకోర్టు తీర్పు ఎవరి కోసం? యావజ్జీవంలో పొరపాటును సగమైనా దిద్దుకోవచ్చు. ఉరిలో దిద్దుబాటుకు చోటు లేదు.

చటాన్‌పల్లి: ఆ ముగ్గురి వయసు

చేవెళ్ల నుంచి షాబాద్ మీదుగా కిందికి వెళ్తే షాద్‌నగర్, దాని పక్కన చటాన్‌పల్లి. శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర 2019 నవంబరు 27న అపహరణకు గురైన యువ పశువైద్యురాలి మృతదేహం కాలిపోయి దొరికింది అక్కడే. ఆమె పేరు బయట పెట్టకూడదని పోలీసులు "దిశ" అని పిలిచారు. దేశమంతా ఆ పేరుతోనే రోడ్డెక్కింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ అదే చోట పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కాల్పులు ఉద్దేశపూర్వకంగా జరిపినవేనని తేల్చింది. పదిమంది పోలీసులపై హత్య కేసు నడపాలని సూచించింది. ఆ నివేదికలో ఇంకో సంగతి ఉంది: నలుగురిలో ముగ్గురికి 18 ఏళ్లు నిండలేదు. బాల నేరస్తుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం 18 నిండనివారికి ఉరి వేయడం కుదరదు. కేసు కోర్టుకు వెళ్లి ఉంటే వయసు అక్కడే తేలేది. ఆమెకు ఏం జరిగిందో సాక్ష్యాలతో సహా అక్షరాల్లో నమోదయ్యేది. తుపాకీ ఆ పని చేయలేకపోయింది.

అమల్లోకి రాని దిశ చట్టం

ఆ కాల్పులు జరిగిన వారానికే, 2019 డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు. అత్యాచారానికి ఉరి. చాలామంది అది అమలైందనే అనుకున్నారు, ఆ పేరుతో పోలీస్ స్టేషన్లు, ఫోన్ యాప్ కూడా వచ్చాయి. చట్టానికి కావాల్సిన రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు.

ఉరి పడ్డ వందమందిలో అయిదుగురికే చివరిదాకా

కింది కోర్టు ఉరి వేస్తే సరిపోదు. హైకోర్టు ఖరారు చేయాలి. తర్వాత సుప్రీంకోర్టు, ఆ తర్వాత రాష్ట్రపతికి క్షమాభిక్ష దరఖాస్తు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం 2000 నుంచి 2014 దాకా కింది కోర్టులు వేసిన 1,810 ఉరిశిక్షల లెక్క తీసింది. పై కోర్టుల్లో నిలబడ్డవి 5 శాతం కూడా లేవు. నూటికి 29 మంది దాకా అసలు నిర్దోషులుగానే బయటపడ్డారు.

అదే విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం 2022లో దేశంలో 165 ఉరిశిక్షలు పడ్డాయి. రెండు దశాబ్దాల్లో అదే ఎక్కువ. సగానికి పైగా లైంగిక నేరాలతో ముడిపడినవే. అమలైంది మాత్రం ఒక్కటీ లేదు.

ఉరికంబం ఎక్కినవారు ఎందరు?

1990లో కోల్‌కతాలో ఒక పాఠశాల విద్యార్థినిని చెరిచి చంపిన ధనంజయ్ ఛటర్జీని ఆలీపూర్ జైల్లో 2004 ఆగస్టు 14న ఉరి తీశారు. నేరం జరిగిన 14 ఏళ్లకు. తర్వాత అత్యాచార కేసులో ఉరి అమలైంది 2020 మార్చి 20న, తిహార్ జైల్లో ఢిల్లీ నిర్భయ కేసు దోషులు నలుగురికి. తెలుగు నేల మీద రాజమండ్రి సెంట్రల్ జైల్లో చివరి ఉరి 1976లో జరిగింది.

"ఉరి భయం ఉంటే చేయరు" అనేవాళ్లు ఈ తేదీలను ఒక్కసారి చూడాలి. ఇరవయ్యేళ్లలో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత అరుదైన శిక్ష, ఆ క్షణాన మదమెక్కినవాడి తలలోకి వస్తుందా? పట్టుబడతానన్న భయం వస్తే వస్తుంది. ఆ భయం పుట్టించాల్సింది ఊళ్లోని పోలీస్ స్టేషన్.

ఉరి కావాలనేవారి వాదనా తేలికైనది కాదు

2010లో కోయంబత్తూరులో బడికి వెళ్లే అక్కాతమ్ముళ్లను వాహనంలో ఎక్కించుకుపోయి, పాపను చెరిచి, ఇద్దరినీ కాలువలోకి తోసేశారు. ఆ కేసు 2019 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో తేలింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఉరే తగిన శిక్ష అన్నారు. ఒకరు బతికినంతకాలం జైలు చాలన్నారు. దోషి అన్న విషయంలో ముగ్గురిదీ ఒకే మాట. కొన్ని నేరాలు మనిషితనాన్నే తుడిచేస్తాయి, వాటికి ఉరి తప్ప సరితూగే శిక్ష లేదనేవారి బాధను కొట్టిపారేయలేం. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు "అత్యంత అరుదైన కేసుల్లో" మాత్రమే ఉరి అని గీత గీసింది కూడా అందుకే.

వర్మ కమిటీ వద్దంది

నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీకి దేశం నలుమూలల నుంచి దాదాపు 80 వేల సూచనలు వచ్చాయి. నెల రోజుల్లోనే, 2013 జనవరి 23న, నివేదిక ఇచ్చింది. వీధుల్లో ఉరి నినాదాలు మోగుతున్న రోజుల్లో అత్యాచారానికి ఉరిశిక్ష వద్దని, జీవితాంతం జైలు చాలని చెప్పింది. రెండేళ్ల తర్వాత జస్టిస్ ఎ.పి.షా నాయకత్వంలోని లా కమిషన్ 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశంపై యుద్ధం తప్ప మిగతా నేరాలకు ఉరిని ఎత్తేయమంది.

అమెరికా కోర్టు ఆలోచన

2008 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు లూసియానా రాష్ట్ర కేసులో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పిచ్చింది. బిడ్డ ప్రాణాలతో మిగిలినప్పుడు, చెరిచిన నేరానికి మరణశిక్ష కుదరదంది. చెప్పిన కారణాలు మనమూ ఆలోచించాల్సినవి. చెరిచినా చంపినా శిక్ష ఒకటే అయితే, సాక్షిని మిగల్చకుండా చంపడానికే దుర్మార్గుడు మొగ్గుతాడు. నేరస్తుడు ఇంట్లోవాడైతే, మరణశిక్ష భయంతో ఇంటివాళ్లే నోరు నొక్కేస్తారు. ఆ తీర్పును తిరగదోడించాలనే ఫ్లోరిడా 2023లో ఇలాంటి నేరానికి మరణశిక్ష వేసే చట్టం చేసింది. మన పోక్సోలో మాత్రం బిడ్డ బతికున్నా ఉరి వేసే వీలుంది.

చేసేది ఎవరో తెలిస్తే

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు ఏటా చెప్పేది ఒకటే. పోక్సో కింద నమోదైన తీవ్ర దాడుల్లో నూటికి 95కు పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్లే. బంధువు, ఇరుగుపొరుగు, కుటుంబ స్నేహితుడు, ప్రేమ పేరుతో దగ్గరైనవాడు. అపరిచితుడు చాలా అరుదు.

ఇప్పుడు పోక్సో 5వ సెక్షన్ చూడండి. నేరం చేసింది బంధువైనా, టీచరైనా, హాస్టల్ సిబ్బంది అయినా, పోలీసైనా అది "తీవ్ర" నేరమవుతుంది, ఉరి దాకా వెళ్లొచ్చు. పన్నెండేళ్ల పిల్ల నోరు విప్పితే మేనమామ ఉరికంబం ఎక్కొచ్చన్నమాట. "నువ్వు చెప్తే మామను ఉరి తీస్తరు, నీ ఇష్టం" అని ఇంట్లో ఒక్కరంటే చాలు, ఆ పిల్ల మళ్లీ మాట్లాడదు. చెప్పినా కోర్టులో మాట మార్చేస్తుంది. ఉరిని వ్యతిరేకించడానికి నాకు కనిపించే అతిపెద్ద కారణం ఇదే. నేరస్తుడి మీద జాలితో అనడం లేదు. బిడ్డ నోరు మూతపడకూడదనే అంటున్నాను.

ప్రేమ కేసులో 20 ఏళ్లు

అదే 5వ సెక్షన్‌లో బాలిక గర్భవతి కావడం కూడా "తీవ్ర" నేరానికి గుర్తు. పదిహేడేళ్ల అమ్మాయి, పందొమ్మిదేళ్ల అబ్బాయి ఇష్టపడి ఇంట్లోంచి వెళ్లిపోయి, ఆ అమ్మాయికి నెల తప్పితే, చట్టం అక్షరాలా చదివితే అబ్బాయికి కనీసం 20 ఏళ్లు, గరిష్ఠం ఉరి. ఇష్టం ఉందన్న మాటకు 18 లోపు విలువ లేదు. అలాంటి ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో తన ప్రత్యేక అధికారం వాడి శిక్ష అమలు చేయొద్దంది. కేసుకో ప్రత్యేక అధికారం ఎక్కడ దొరుకుతుంది?

ఆంధ్రప్రదేశ్: శిక్ష ఒకరికి, విడుదల ఏడుగురికి

పోక్సో వచ్చి పదేళ్లయిన సందర్భంలో విధి లీగల్ పాలసీ సెంటర్ 2 లక్షల 30 వేల కేసుల రికార్డులు తిరగేసింది. దేశం మొత్తం మీద ఒకరికి శిక్ష పడితే ముగ్గురు విడుదలవుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకరికి ఏడుగురు. ఒక కేసు తేలడానికి సగటున దాదాపు ఏడాదిన్నర. చట్టం చెప్పింది మాత్రం బిడ్డ సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ ఏడాదిలో పూర్తి కావాలని.

ఈ లెక్క ముందు ఉరి గురించి వాదించుకోవడం వృథా అనిపిస్తుంది. నేరం చేసినవాడు బయటికొచ్చి, అదే వీధిలో అదే పిల్ల ఎదురుగా మీసం మెలేస్తూ తిరుగుతుంటే, చట్టంలో ఉరి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇంటికొచ్చే పోలీసమ్మ యూనిఫాంలో ఉండకూడదు

పోక్సోలో అన్నిటికంటే విలువైనవి శిక్షల సెక్షన్లు కావు, పద్ధతి చెప్పే సెక్షన్లు. మొయినాబాద్ మండలంలో ఒక పాప అమ్మతో విషయం చెప్పిందనుకుందాం. ఆ పాపను స్టేషన్‌కు తిప్పక్కర్లేదు. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా పోలీసే ఇంటికి రావాలి, లేదా పాప ఎక్కడంటే అక్కడికి. యూనిఫాం వేసుకోకూడదు. పాప పక్కన అమ్మ గానీ, తను నమ్మే మరొకరు గానీ ఉండాలి. రాత్రిపూట పాపను స్టేషన్లో ఉంచకూడదు. ఆడపిల్లయితే లేడీ డాక్టరే పరీక్షించాలి.

కోర్టులోనూ అంతే. నిందితుడు పాప కంటపడకూడదు, అడ్డుగా తెర గానీ, వీడియో గానీ ఉండాలి. నిందితుడి లాయర్ పాపను నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్న జడ్జికి చెప్తే జడ్జి అడుగుతారు. పదే పదే పిలవకూడదు. హైదరాబాద్‌లో 2016 మేలో మొదలైన భరోసా కేంద్రం ఇలాంటి పనులన్నీ ఒక్క కప్పు కిందికి తెచ్చింది. పోలీసు వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడే. 2018లో అక్కడే పిల్లల కోసం ప్రత్యేక కోర్టు గది కూడా వచ్చింది. ఒక్క ఉరి తీర్పు చేయలేనిది ఇలాంటి గదులు వంద చేస్తాయి.

తెలిసీ చెప్పకపోతే జైలు

పోక్సో 19వ సెక్షన్ ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పక్కింటావిడైనా, డాక్టరైనా, హెడ్మాస్టరైనా. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు పెట్టడానికి లేదు. "పరువు పోతది, పెద్దమనుషుల్ల కూసోని తెంపుకుందాం" అని పంచాయితీ పెట్టేవాళ్లకు ఈ సెక్షన్ చదివి వినిపించాలి.

శంకర్‌పల్లి పల్లెల నుంచి ఢిల్లీ దాకా

పోక్సో చట్టం సరిగ్గా అమలవుతోందో లేదో చూసే బాధ్యత జాతీయ బాలల హక్కుల కమిషన్‌ది. 2007లో ఏర్పడ్డ ఆ కమిషన్ తొలి అధ్యక్షురాలు ప్రొఫెసర్ శాంతా సిన్హా. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పిన ఆమె, తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో నడిచే ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే పని మొదలుపెట్టారు. జీతాలకు కుదిరిన పిల్లల్ని విడిపించి బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో కూర్చోబెట్టి బడికి పంపారు. 2003లో మెగసెసె అవార్డు వచ్చింది.

ఆ ఉద్యమం నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. బడిలో ఉన్న పిల్ల అందరి కళ్లముందు ఉంటుంది. నాలుగు రోజులు రాకపోతే టీచరమ్మ ఇంటికి వెళ్తుంది. పనిలో, పెళ్లిలో, నాలుగు గోడల మధ్య ఉన్న పిల్లను అడిగేవాళ్లుండరు. బాల్యవివాహం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 18 లోపు భార్యతోనైనా సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తేల్చింది.

ప్రహరీ గోడల వెనక పిల్లలు

గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం పెద్ద నిర్మాణాలను అడ్డుకుంటూ 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. పెద్ద కట్టడాలు రాకపోయినా మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఫాంహౌస్‌లు వెలిశాయి. చాలా ఫాంహౌస్‌లకు గేటు పక్కన ఒక గది, అందులో కాపలాదారు కుటుంబం. చాలామంది వేరే జిల్లాల నుంచో, వేరే రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. తెలిసిన మనిషి ఉండడు, బడి దూరం, గోడ ఎత్తు. ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాల్లో పనిచేసే కుటుంబాలదీ ఇదే పరిస్థితి. ఆ పిల్లల పేర్లు బడి రిజిస్టరులో ఉన్నాయా, అంగన్‌వాడీ టీచర్, ఆశ కార్యకర్త ఆ గేటు దాటి లోపలికి వెళ్తున్నారా అని గ్రామ పంచాయతీ అడగాలి. ఇది ఖర్చులేని పని.

తీర్పు దాకా ఆగక్కర్లేని డబ్బు

పరిహారం కోసం కేసు గెలవాల్సిన పని లేదు. 2020 పోక్సో నియమాల ప్రకారం ఎఫ్ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. నిందితుడు దొరక్కపోయినా, విడుదలైనా సరే బిడ్డకు పరిహారం రావచ్చు. తిండి, బట్ట, రానుపోను ఖర్చులకు తక్షణ సాయం ఇప్పించే అధికారం బాలల సంక్షేమ కమిటీకి ఉంది. కూలి పోగొట్టుకుని కోర్టు చుట్టూ తిరిగే తల్లిదండ్రులు వాయిదాలకు రాలేకపోవడం వల్లే ఎన్నో కేసులు చల్లారిపోతాయి. ఈ హక్కు వాళ్లకు ఎవరూ చెప్పరు.

గుర్తుపెట్టుకోవాల్సిన మూడు నంబర్లు

పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181. మూడూ ఉచితం. బడి గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద, ఆర్టీసీ బస్టాండులో పెద్ద అక్షరాలతో రాయించాల్సినవి.

2018లో దాదాపు 40 వేలున్న పోక్సో కేసులు 2021కి 54 వేలకు చేరాయి. ఉరి చట్టం వచ్చాక కూడా పెరిగాయి. అందులో కొంత మంచి కూడా ఉంది, ఎక్కువమంది ధైర్యంగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ ధైర్యాన్ని నిలబెట్టడం మన చేతుల్లో ఉంది. తదుపరి గ్రామసభలో, ఎమ్మెల్యే వచ్చిన సభలో ఉరి అడగడానికి బదులు ఈ నాలుగూ అడుగుదాం: మన స్టేషన్లో మహిళా ఎస్సై ఉన్నారా, మన పోక్సో కేసులు ఏడాదిలో తేలుతున్నాయా, ఫోరెన్సిక్ రిపోర్టు ఎన్ని రోజులకు వస్తోంది, కోర్టుకు వెళ్లే బిడ్డ వెంట తోడుగా ఎవరు వెళ్తున్నారు? దోషి జీవితాంతం జైల్లో ఉండాలి, అందులో రాజీ లేదు. బిడ్డ చెప్పిన తొలి మాటను నమ్మే మనిషి ప్రతి ఇంట్లో, ప్రతి బడిలో, ప్రతి స్టేషన్లో ఒక్కరుండాలి. పసివాళ్లకు అసలైన కాపలా అదే.